బొటనవేలి తాడు

వెనక పేజీ 1. వేసవి 61వ రోజు

ఈ పుస్తకం ముందు పేజీల్లో నాకిచ్చిన చోటు వేలెడంత. పేరు, మంచం నంబరు, నిద్ర చెడిందా చెడలేదా, అంతే. ఇవాళ నాకొచ్చిన కోపం ఆ గడిలో పట్టదు. అందుకే పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను. రాస్తున్నది మైలపల్లి నూకరత్నం, తేలూరు మూడో నిద్రశాల కాపలా మనిషి. ఎవరైనా చదివితే చదవనీ, నాకేం భయం.

పొద్దున వచ్చేసరికి తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"ఊపిరి ఆగుడు ముద్ర గలవారు ఊపిరితిత్తి గడ్డను తట్టుకొనుటలో మిగిలినవారికన్న మెరుగని పదకొండేండ్ల లెక్కలో తేలినది. కావున అట్టివారిని ఆసుపత్రిలో తొమ్మిది దినములకు బదులు మూడు దినములు ఉంచిన చాలును. రక్తము పలుచన చేయు సూదిమందు ముందుగా ముద్ర లేనివారికి ఈయవలెను. ముద్ర గలవారు కోలుకొన్న పిదప కాపలా లేని హాలులో నిద్రింపవచ్చును."

మెరుగట. ఎవరు చెప్పారయ్యా అంటే పెద్దపలక చెప్పింది. పెద్దపలకంటే తేలూరు లెక్కల యంత్రం. నలభై ఇనప పడవలు కలిపి కట్టిన ఈ ఊళ్లో ఎవరికెన్ని నీళ్లు, ఎవరికే మందు, అన్నీ అదే తేలుస్తుంది. ఒక్కరోజైనా నా స్టూలు మీద కూర్చుని చూసిన మొహమా అది?

మా వాళ్లు రాత్రంతా కుర్చీల్లో కూర్చుని సముద్రం అడుగున దున్నే యంత్రాలు నడుపుతారు. పగలు పైన ఇనుము కాలిపోతుంది కాబట్టి పొద్దున ఏడింటికి గంజి తాగి పడుకుని మధ్యాహ్నం మూడింటికి లేస్తారు. పన్నెండు గంటలు కాలు కదపకుండా కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ లేచిపోయి ఊపిరితిత్తిలో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. అది ఒక రోగం. రెండోది, కొందరికి గుర్రుపెడుతూ పెడుతూ నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది. అలాంటివాళ్లు ఊళ్లో రెండొందల పదిమంది. వాళ్ల చీలమండకి ఆకుపచ్చ ముద్ర వేసి మా శాలల్లో పడుకోబెడతారు. ఒకప్పుడు వీళ్ల ముక్కుకి తొడిగే గాలి మిషన్లుండేవి. ఉప్పుగాలికి తుప్పుపట్టి పోయాయి, కొత్తవి రాలేదు. అప్పట్నించి ఆ మిషన్లం మేమే.

నా స్టూలు చుట్టూ ఏడు మంచాలు. ఏడుగురి కుడికాలి బొటనవేళ్లకి ఏడు తాళ్లు, ఏడు కొసలూ నా చేతిలో. ఎవరి గుర్రు ఆగితే వాళ్ల మీద చెవి పెట్టి పది లెక్కపెడతాను. అప్పటికీ ఊపిరి రాకపోతే తాడు లాగుతాను. మనిషి ఉలిక్కిపడి, కాళ్లు ముడుచుకుని, నన్నో తిట్టు తిట్టి పక్కకి ఒత్తిగిలుతుంది. ఊపిరి వస్తుంది. లాగినప్పుడల్లా ఆ మనిషి దారానికి ఒక ముడి వేస్తాను. నేను రాని రోజు నా బదులు కూర్చునేవాళ్లకి ఎవరి ఊపిరి ఎంత చెడ్డగా ఉందో తెలియాలి కదా, అందుకు. మర్నాటికి కొత్త దారం. పాతదానికి పేరూ రోజూ రాసిన గుడ్డపీలిక కట్టి పెట్టెలో పడేస్తాం.

ఇవాళ నాలుగో మంచం సూరాడ అప్పన్న చాప పట్టుకుపోవడానికి వచ్చాడు. ఊపిరితిత్తిలో గడ్డతో ఆసుపత్రిలో చేరి మూడు రోజులే అయింది. కొత్త కాగితం ప్రకారం పంపించేశారు.

"నీ తాడు బాధ వదిలింది నూకరత్నమక్కా, నేను గట్టివాణ్ణట," అని నవ్వాడు. ఆ ఒక్క మాట పూర్తయ్యేలోగా మధ్యలో రెండుసార్లు ఆగి గాలి పీల్చుకున్నాడు.

వెనక పేజీ 2. వేసవి 64వ రోజు

అప్పన్న పోయాడు.

కాపలా లేని ఆ హాల్లో అరవైమంది పడుకుంటారు. మూడింటికి లేపుడు గంట కొడితే యాభై తొమ్మిదిమంది లేచారు. పక్క మంచమాయన్ని అడిగితే, "మొదట్లో బాగా గుర్రుపెట్టాడు, తర్వాత తగ్గింది, హమ్మయ్య అనుకుని పడుకున్నాను," అన్నాడు. ఆయన తప్పేం లేదు. గుర్రు ఆగితే హమ్మయ్య అనుకోవడం లోకంలో అందరూ చేసే పనే. గుర్రు ఆగితే గుండె ఝల్లుమనేది మా ఒక్కళ్లకే.

ఊరుకోలేక పెద్దపలక కిటికీ దగ్గరికి పోయాను. అది మాట్లాడుతుంది, మహా మర్యాదగా.

"మీ ఆవేదన నమోదు చేయబడినది," అంది.

"నా ఆవేదన సంగతి తర్వాత. మనిషి పోయాడు. దానికేమంటావ్?"

"గడ్డ వచ్చిన నూరుమంది ముద్ర గలవారిలో మువ్వురు, ముద్ర లేనివారిలో పదకొండుగురు మరణించుచున్నారు. వీరు ఆ మువ్వురిలో ఒకరు."

"మేం లేపబట్టి బతికారు మిగతావాళ్లు. రోజుకి ముప్పై నలభైసార్లు లేపుతాం ఒక్కొక్కళ్లని."

"లేపినట్లు దాఖలా లేదు," అని, ఒక్క క్షణంలో తెరమీద నా పుస్తకం పేజీలు పరిచింది. అప్పన్న, నాలుగో మంచం, నిద్ర చెడలేదు. అప్పన్న, నాలుగో మంచం, నిద్ర చెడలేదు. పదకొండేళ్లు. కుదురైన నా చేతిరాత. మా నాన్న ఉప్పుమడి మీద వేలు పట్టుకుని దిద్దించిన చేతిరాత.



ఎందుకు రాశానో చెప్పాలి. ఒక నిద్రలో ఐదుసార్లకి మించి లేచిన మనిషిని ఆ పూట కుర్చీ ఎక్కనివ్వరు. ఎక్కని రోజు సర్వీసులో కలవదు. అంటే నిజం రాస్తే నా ఏడుగురూ ఈ జన్మలో కుర్చీ ఎక్కరు. నాకు పని నేర్పింది దాలయ్య తాత. మొదటి రోజే చెప్పాడు, "తాడు లాగు, కలం జోలికి మాత్రం పోకు" అని. ముప్పైమంది కాపలావాళ్లం ముప్పైమందిమీ అదే చేశాం. లాగిందంతా దారం మీద, రాసిందంతా అబద్ధం. పాపం వాళ్ల పొట్ట కొట్టడమెందుకని. దయనుకున్నాం దాన్ని.

ఆ దయే పోగై పెద్దపలకలోకి పోయి ఈ కాగితమై తిరిగొచ్చింది. ఆ యంత్రాన్ని తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో తెలియక దారిపొడుగునా ఇద్దర్నీ తిట్టుకుంటూ వచ్చాను.

వెనక పేజీ 3. వేసవి 67వ రోజు

దాలయ్య తాతతో గొడవైంది. నిజం చెప్పేద్దామన్నాను. గయ్యిమని లేచాడు.

"పిల్లా, నీకు మతుందా లేదా? రెండొందల పదిమంది కుర్చీలు పోతాయి. గతంలో చేసిన సర్వీసు కూడా తీసేస్తారు. పోయినవాడు ఒకడు, నువ్వు రెండొందలమందిని చంపుతానంటున్నావ్."

"ఇంకొకడు పోతే?"

"పోడు. నువ్వు నోరు మూసుకుని పెద్దవాళ్లకి అర్జీ పెట్టు," అన్నాడు.

పెట్టాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. ఏం పరిశీలిస్తున్నారో ఆ మహానుభావులు. మిషన్లు తెప్పించలేనివాళ్లు, ఐదుసార్ల రూలు పెట్టినవాళ్లు, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని మా చేతిరాత పరిశీలిస్తున్నారు. ఐదు అన్న లెక్క ఎవరు పుట్టించారో, ఆ మనిషి ఎంత హాయిగా నిద్రపోతాడో ఒకసారి చూడాలని ఉంది నాకు.

వెనక పేజీ 4. వేసవి 70వ రోజు

ఇవాళ తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

రెండో మంచం పైడితల్లిది. ఆమె నా ఆడపడుచు. నా మొగుడు పోయి పన్నెండేళ్లయినా మా ఇద్దరి దెప్పుళ్లు మాత్రం పోలేదు. దాని గుర్రు మూడు పడవల అవతలికి వినిపిస్తుందని నేనంటాను. నేను చెప్పులు ఈడుస్తూ నడవబట్టే దానికి నిద్ర పట్టదని అదంటుంది. తాడు లాగితే అందరూ తలోరకంగా తిడతారు, ఇది మాత్రం పదకొండేళ్లుగా ఒకటే తిట్టు. కళ్లు కూడా తెరవకుండా, "నీ చెయ్యి పడిపోను వదినా," అని అటు తిరిగి పడుకుంటుంది.

ఇంకో నలభై ఒక్క రోజులకి దాని సర్వీసు ఇరవయ్యేళ్లు నిండుతుంది. నిండితే పై అంతస్తులో కిటికీ ఉన్న గది ఇస్తారు, చచ్చేదాకా ఉండొచ్చు. తలుపు వేసుకుంటే ఇంకెవరూ ఉండని గది. దానికోసం పసుప్పచ్చ గుడ్డ సంపాదించి కర్టెను కుట్టి పెట్టుకుంది. నిద్రకి ముందు నాకు రోజూ చూపిస్తుంది, మరీ కొత్త పెళ్లికూతురు చీర చూపించినట్టు.

ఇవాళ పొద్దున తాడు కట్టబోతే ఎడమ కాలు దుప్పట్లోకి లాక్కుంది. నాకు అనుమానమొచ్చింది. దుప్పటి తీసి చూద్దును కదా, ఎడమ పిక్క కుడిదానికి రెండింతలుంది. చెయ్యి వేస్తే వేడి.

"ఎన్నాళ్లయిందే?"

"నాలుగు రోజులు. కూర్చుని కూర్చుని పట్టేసింది, తగ్గిపోద్దిలే వదినా."

తగ్గిపోద్దిలే అనడానికి దానికి మూడుసార్లు ఊపిరి కావలసొచ్చింది.  మిగతావాళ్ల తాళ్లు కూడా దాలయ్య తాతకి అప్పజెప్పి, దాన్ని చక్రాల బండి మీద ఆసుపత్రికి తోసుకుపోయాను. డాక్టరు రెహానా చూసి ఊపిరితిత్తిలో గడ్డే అంది. చీలమండ మీది ఆకుపచ్చ ముద్ర చూసి కాసేపు నా మొహంలోకి చూడలేదు.

"మూడు రోజులు ఉంచనిస్తారు. సూదిమందు వరసలో ఆఖరున వస్తుంది, వస్తే," అంది.

వెనక పేజీ 5. వేసవి 71వ రోజు

డాక్టరు రెహానా మా ఊరొచ్చి ఏడాది కూడా కాలేదు. వయసులో నా కూతురంత ఉంటుంది. గది తలుపేసి నన్ను కూర్చోబెట్టింది.

"నాకు ఆ కాగితం చదివినప్పట్నించి మనసొప్పడం లేదు నూకరత్నం గారూ. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తం చిక్కబడుతుంది, గుండె మీద భారం పడుతుంది. ఇలాంటివాళ్లకి గడ్డ వస్తే ఇంకా అధ్వానం కావాలి. మీ శాలల్లో మాత్రం తక్కువమంది పోతున్నారు. మీరు అక్కడ ఏం చేస్తారు, నాకు నిజం చెప్పండి."

పదకొండేళ్లలో మొదటిసారి ఒక పరాయి మనిషికి నిజం చెప్పాను. నమ్ముతుందో లేదోనని శాలకి తీసుకుపోయి మంచాల కింద పెట్టె ఈడ్చి మూత తీశాను. దారాలు. వేలకి వేలు. ఒక్కొక్కదానికి పేరూ రోజూ ఉన్న పీలిక. ఆ పిల్ల కింద చతికిలబడి అప్పన్న దారాలు ఏరి, ముడులు వేళ్లతో తడుముతూ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. ముప్పై ఆరు. ఇరవై తొమ్మిది. ఆసుపత్రికి పోయే ముందు వారం యాభై దాటాయి.

"చూశారా," అంది, "గడ్డ వస్తున్నట్టు మీ దారానికి ముందే తెలిసింది. మీరు లాగినప్పుడల్లా వాళ్లు కాళ్లు ముడుస్తారు, రక్తం కదులుతుంది. రోజూ కాలు పట్టుకుని తాడు కడతారు కాబట్టి వాపు తొందరగానే కనిపెడతారు. తేడాగా ఉంటే వెంటనే నా దగ్గరికి తోసుకొస్తారు. ముద్ర లేనివాళ్లని ఎవరు చూస్తారు? లేపుడు గంట కొట్టాకే కదా తెలిసేది. వీళ్లని బతికించింది వీళ్ల ఊపిరి కాదు, పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషి ఏమీ చెయ్యలేదని మీరే రాసిచ్చారు."

"యంత్రానికి ఆ మాత్రం బుర్ర ఉండొద్దా?"

"పెద్దపలక లెక్క తప్పలేదు నూకరత్నం గారూ. మీరిచ్చిందే లెక్కకట్టింది."

ఒళ్లు మండిపోయింది. రూలు పెట్టినవాడు బాగున్నాడు, మిషన్లు తేనివాడు బాగున్నాడు, నిద్ర మానుకుని తాడు పట్టుకున్న నాదా తప్పు అని అరవబోయాను. అరవలేకపోయాను. ఆ పిల్ల చేతిలో అప్పన్న దారం ఉంది.

ఎల్లుండి సాయంత్రానికి పైడితల్లిని ఆ అరవైమంది హాలుకి పంపిస్తారు. దారాలు పెట్టి, రాసింది అబద్ధమని సంతకం చేస్తే ఆపొచ్చు.

వెనక పేజీ 6. వేసవి 72వ రోజు

చెప్పకుండా చెయ్యడం ద్రోహమనిపించి పైడితల్లికి చెప్పాను. దిండుకి ఆనుకుని కూర్చుని అంతా విన్నది.

"వద్దు."

"పోతావే."

"పోతే పోతాను. ఇరవయ్యేళ్లు వదినా. నా మోకాళ్లు, నా నడుం, నా కళ్లు ఆ కుర్చీకే ఇచ్చాను. ఇంకో నలభై రోజులు రాయి. పదకొండేళ్లు రాశావు కదా చెడలేదు చెడలేదని, నలభైకి నీ చెయ్యి అరిగిపోద్దా?"

"సర్వీసు పోతే మళ్లీ ఏదో ఒకటి చూసుకుందాం. ముందు నువ్వు బతకాలి కదా."

"బతికి ఎక్కడుండాలి? నలుగురి చెమట వాసనలో, నలుగురి దగ్గుల మధ్యా? నాకంటూ ఒక తలుపు ఉంటుందనే ఇన్నాళ్లూ లేచి కుర్చీ ఎక్కాను. అది నువ్వు పీకేస్తానంటున్నావ్. మా అన్న ఉంటే నిన్ను ఈ మాట అననిచ్చేవాడు కాదు."

మా ఆయన్ని మధ్యలోకి తెచ్చేసరికి నాకూ తిక్కరేగింది. "మీ అన్న పోయింది కూడా ఎవరూ చూడని నిద్రలోనే. అప్పుడు తాడు పట్టుకునేవాళ్లు లేరు. నేను పక్కనే పడుకుని, గుర్రు ఆగితే హమ్మయ్య అనుకున్నాను," అన్నాను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

అది గోడవైపు తిరిగింది. "నువ్వు సంతకం పెడితే నా మంచం దగ్గరికి రాకు," అంది.

వెనక పేజీ 7. వేసవి 73వ రోజు

పెట్టాను.

పొద్దున్నే పెట్టె బండి మీద వేసుకుని కిటికీ దగ్గరికి పోయాను. డాక్టరు రెహానా పక్కన నిలబడింది. "రాసినది అసత్యమని ఒప్పుకొనుచున్నారా?" అని మూడుసార్లు అడిగింది పెద్దపలక, మూడుసార్లూ అవునన్నాను. "ఒక్క పెట్టె సాక్ష్యము చాలదు. ఇది మీ ఒక్కరి అలవాటు కావచ్చును," అంది.

 ఇంకేం చూపించను?

వెనక నుంచి ఇనుము గీసుకుంటున్న చప్పుడు. దాలయ్య తాత. డెబ్బై నాలుగేళ్ల మనిషి, పెట్టెకి తాడు కట్టి ఒక్కడే ఈడ్చుకుంటూ వస్తున్నాడు. నన్ను చూసి, "జరుగు," అన్నాడు.  బొటనవేలు ముద్ర వేసి పెట్టె కిటికీ కిందికి తన్నాడు. శాలల్లో పడుకునే వేళ కాకముందే పంతొమ్మిది పెట్టెలయ్యాయి. మిగతా పదకొండుమంది రాలేదు. వాళ్లని నేనేమీ అనను.

సాయంత్రం నాలుగింటికి ఉత్తరువు వచ్చింది. ముద్ర ఉన్నవాళ్లకి మళ్లీ తొమ్మిది రోజులు, సూదిమందు అందరితో సమానం, కాపలా శాలలు ఉంటాయి. ఇకమీదట లాగిన ప్రతి తాడూ రాయాలి. కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. ఐదుసార్ల రూలు యథాతథం. దారాల ప్రకారం నిద్ర చెడిన రోజులన్నీ సర్వీసు నుంచి తీసివేత.

చూశారా వీళ్ల న్యాయం? తప్పు తెలిసింది, దిద్దుకున్నారు, ఆ దిద్దుబాటు ఖర్చు మాత్రం జబ్బున్నవాళ్ల నెత్తిన వేశారు. పైడితల్లికి ఇరవయ్యేళ్లలో పదకొండేళ్లు పోయాయి. డాక్టరమ్మ ఆ రూలు మీద అర్జీ రాస్తోంది. నేనూ రాస్తున్నాను, రోజుకొకటి. వాళ్లు పరిశీలిస్తూ ఉండనీ, నేను రాస్తూనే ఉంటాను.

ఐదింటికి పైడితల్లికి మొదటి సూది వేశారు. నేను వరండాలోనే నిలబడ్డాను, రావద్దంది కదా.

వెనక పేజీ 8. వేసవి 92వ రోజు

పైడితల్లి ఇవాళ శాలకి వచ్చింది, తొమ్మిది రోజులు చాలక డాక్టరమ్మ ఇన్నాళ్లూ ఆసుపత్రిలోనే ఉంచింది. ఊపిరి బాగుంది. కుర్చీ లేదు, పై పడవ మీద గింజలు ఏరే పనిలో వేశారు. నా శాలలో మిగతా ఐదుగురికీ ఇంచుమించు అదే గతి. ఇద్దరు నాతో మాట్లాడరు. ఒకడు నా స్టూలు సముద్రంలో పడేశాడు, కొత్తది తెచ్చుకున్నాను.

అది లోపలికొచ్చి నావైపు చూడలేదు. సంచిలోంచి పసుప్పచ్చ కర్టెను తీసింది. ఏం చేస్తుందా అని చూస్తున్నాను. మంచం చుట్టూ పొడుగ్గా కట్టుకోవడానికి ప్రయత్నించింది, సరిపోలేదు. తలవైపు ఒక్కవైపే వేలాడదీసింది. దాని వెనక్కి దూరి, గోడవైపు తిరిగి పడుకుంది. ఇరవై రోజులైంది నాతో మాట్లాడి. తాడు పట్టుకుని నిలబడ్డాను. వేరే కాపలా మనిషిని పిలవమంటుందేమో, పిలవాల్సిందే, నేనెవర్ని కాదనడానికి.

కాసేపటికి దుప్పట్లోంచి కుడికాలు బయటికొచ్చింది.  బొటనవేలు నావైపు చాచి ఉంచింది.

కట్టాను. చూపు సరిగా ఆనక ముడి రెండుసార్లు జారింది.

ఎనిమిదింటికి మొదటిసారి ఊపిరి ఆగింది. పది లెక్కపెట్టి లాగాను. కాళ్లు ముడిచింది, తిరిగింది, తిట్టలేదు. రెండోసారి, మూడోసారి, పదోసారి కూడా తిట్టలేదు. తిట్టించుకోవడానికి మనిషి ఇంత మొహం వాచిపోతుందని నాకు తెలియదు. పద్నాలుగోసారి లాగినప్పుడు, కళ్లు తెరవకుండానే, కర్టెను వెనక నుంచి వినిపించింది.

"నీ చెయ్యి పడిపోను వదినా."

పుస్తకం ముందువైపు తిప్పి, ఆ వేలెడంత గడిలో దాని సంగతి మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాను. పైడితల్లి, రెండో మంచం. నిద్ర చెడింది, ముప్పై ఎనిమిదిసార్లు. చెడగొట్టింది నేనే.